పది నిమిషాలకు పిలిచిన కథ

నా ఉద్యోగమంతా కళాకారులకు సమయం పంచి ఇవ్వడంలోనే గడిచింది. ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేశాను. మొదట జగిత్యాల, తర్వాత సిరిసిల్ల, ఇల్లు మాత్రం ఎప్పుడూ కోరుట్లలోనే. మంత్రి వస్తున్నాడంటే ఆయన వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి ఒక బృందం కావాలి. పొదుపు గురించైనా, చదువు గురించైనా, చుక్కల మందు గురించైనా ముందు ఒక పాటో, డోలు దెబ్బో ఉండాలి. ఎంత పెద్ద కళైనా మా కాగితంలో పది నిమిషాలే. వక్త ఎక్కువ మాట్లాడితే అందులోనూ కోత పడేది. ప్రతి సాయంత్రం డైరీలో ఆ రోజు ఎవరు వచ్చారో, ఏం పాడారో, జనం ఎక్కడ కదలకుండా విన్నారో, ఎక్కడ లేచిపోయారో రాసుకునేవాణ్ణి. పై అధికారులకు పంపే నివేదికలో ఈ చివరి రెండు సంగతులకు చోటుండేది కాదు.

సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నేను సిరిసిల్లలో ఉన్నాను. ఆఫీసుకు తాళం పడింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు గనుల్లో పని నిలిచిపోవడంతో కరెంటు కోతలు పెరిగి, సాంచాలు పగటిపూట చాలాసేపు ఊరికే నిలబడి ఉండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. సిరిసిల్లలో ఉంటున్నవాడికి ఆ చప్పుడు గడియారం లాంటిది, ఉన్నంతసేపూ వినపడదు. అది ఆగిపోయాక వీధిలో మనుషుల మాటలు మరీ పెద్దగా వినిపించడం మొదలైంది. కార్మికులు గుమ్మాల ముందు కూర్చుని కరెంటు తీగల వైపు చూస్తూ ఉండేవారు. సమ్మె కావాలని అందరూ అన్నవాళ్లే, కానీ గజాల లెక్కన కూలి తీసుకునేవాళ్లకు సాంచ ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది.

రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. దాని బాధ్యత ఒక హైస్కూలు ఉపాధ్యాయుడిది. నాకంటే చిన్నవాడు, మాట చురుకు. నేను వెళ్లిన మొదటి రోజే ఒక తెల్లకాగితం నా చేతిలో పెట్టాడు.

"అన్నా, నీకు అచ్చిన పనే. పాడేటోల్లను నువ్వు చూసుకో, మాట్లాడేటోల్లను నేను చూసుకుంట. ఎవనిది కష్టమో నాలుగొద్దులల్ల తెలుస్తది."

నాలుగు రోజులు అక్కర్లేకపోయింది. పాడేవాళ్లు చెప్పిన వేళకు ఆపేవారు, మాట్లాడేవాళ్లు ఆపేవారు కారు. డప్పులు, పాటలు, మధ్యాహ్నం రోడ్డు మీదే వంటా వార్పూ, సాయంత్రం బతుకమ్మ. శిబిరం బాగా నడిచింది. అయితే కొన్నాళ్లకు పాటలు తిరిగి తిరిగి అవే వస్తుండడంతో ఏదైనా కొత్తది చూడమని ఉపాధ్యాయుడు అడిగాడు. నాకు గొల్లపల్లి దగ్గరి ఒక కుటుంబం గుర్తుకు వచ్చింది. జగిత్యాలలో ఉన్న రోజుల్లో వాళ్ల పటం కథ ఒకసారి చూశాను. పొడవాటి గుడ్డ మీద వరుసగా బొమ్మలు గీసి ఉంటాయి. ఆ గుడ్డను కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మను కర్రతో చూపిస్తూ నేతవాళ్ల కులపురాణం చెప్తారు. వినేది నేతవాళ్లే, పిలిచేదీ వాళ్లే. ఏ ఊరు ఏ కుటుంబానిదో తాతల నాటి నుంచి ఒప్పందం ఉంటుంది. సిరిసిల్ల ఈ కుటుంబానిది.

స్కూటర్ మీద వెళ్లాను. దారి పొడవునా ప్రతి ఊళ్లో ఒక డేరా, ఒక జెండా. ఆ కుటుంబంలోని పెద్దాయన ఇంటి ముందు మక్క కంకులు ఆరబోసి ఉన్నాయి. కూలికి పోయిన తమ్ముణ్ణి పిలిపించాడు. సిరిసిల్ల నుంచి పిలుపు వచ్చి చాలా ఏళ్లయిందని, కథ కోసం రాత్రులు మేలుకునేవాళ్లు తగ్గారని, ఇప్పుడు పటం కంటే మక్కలే తమకు తిండి పెడుతున్నాయని ఫిర్యాదు లేకుండా చెప్పాడు. నేను ఎవరిని పిలిచినా ఒట్టి చేతులతో పిలిచేవాణ్ణి కాదు. కళాకారుడికి కొబ్బరికాయ, ఆకు, వక్క ఇచ్చి పిలవడం నేను పెట్టుకున్న మర్యాద. ఇక్కడా అదే చేశాను. ఆయన రెండు చేతులా అందుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆయన భార్య లోపలికి వెళ్లి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. చాయ్ పెడుతుందేమో అనుకున్నాను.

పది నిమిషాల కార్యక్రమం అని స్పష్టంగానే చెప్పాను.

"ఎంతసేపో పటమే చెప్తది సారు" అన్నాడు.

కళాకారులు అలా అంటుంటారు. నవ్వి బయలుదేరాను.

మర్నాడు శిబిరం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి పెద్దాయన, భార్య, తమ్ముడు, మరదలు దిగారు. హార్మోనియం, మద్దెల దిగాయి. ఎర్ర గుడ్డలో చుట్టిన పటం దిగింది. ఆ తర్వాత చాపలు, దుప్పట్లు, బియ్యం డబ్బా, పొయ్యి మీది గిన్నెలు, చీపురు కూడా దిగాయి. ఉపాధ్యాయుడు మైకు పక్కనపెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు కథను పిలిచినవా, కాపురాన్ని పిలిచినవా?"

అప్పుడు తెలిసింది. వాళ్ల లెక్కలో ఆకు, వక్క అందుకున్నారంటే మొత్తం కథ ఒప్పుకున్నట్టు. ముగిసేదాకా బృందానికి తిండి, నీడ పిలిచినవాళ్లవి. ఒకసారి విప్పిన పటాన్ని కథ పూర్తికాకుండా మళ్లీ చుట్టకూడదు. నేను పెద్దాయనను పక్కకు తీసుకెళ్లి, అంత కథకు ఇక్కడ వీలు లేదని, నాకు ఈ పద్ధతి తెలియదని చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ఇప్పకపోతె దోషం లేదు సారు. మూట అట్లనే తీస్కపోత. ఇప్పినంక మధ్యల ఆగిందంటె మాత్రం మల్ల గా ఊర్లె మేం పటం పెట్టద్దు. సిరిసిల్ల ఇగ మాకు లేనట్టే. నువ్వు ఆలోచించుకో."

నేను ఆలోచిస్తుండగానే ఆయన భార్య నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఎవరినో అడిగి బిందెతో బయలుదేరింది. వాళ్లను ఎక్కించుకొచ్చిన ఆటో అప్పటికే వెళ్లిపోయింది, బస్సులా లేవు. ఉపాధ్యాయుడు తల గోక్కుని, రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత పది నిమిషాలు వాళ్లకు ఇమ్మన్నాడు. ఎన్ని రోజులు పట్టినా, పటం చుట్టకుండా ముగిస్తే చాలని పెద్దాయన ఒప్పుకున్నాడు. శిబిరం ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరికీ తెలియదు. కథ ముందు ముగుస్తుందా, సమ్మె ముందు ముగుస్తుందా అన్నది ఆ రోజు నుంచి పెద్దాయనకు ఒక పందెం లాంటిదైంది. ఓడితే పోయేది ఊరు.

పటం పై అంచును రెండు వెదురు గడల మధ్య కట్టారు. విప్పిన భాగం కిందికి వేలాడుతుంటే, విప్పని భాగం చుట్టగా ఒళ్లో పెట్టుకున్నట్టు అడుగున ఉండేది. ఎర్రటి నేల మీద పసుపు, నీలం మనుషులు. మొదటి దారం ఎలా పుట్టింది, మొదటి మగ్గం ఎవరు దించారు, అక్కడ మొదలవుతుంది కథ. మొదటి రోజు జనం పలచగానే ఉన్నారు. డప్పు మోగినంతసేపు నిలబడ్డవాళ్లు చాయ్‌కి వెళ్లిపోయారు. పెద్దాయన దేవుళ్లను తలుచుకోవడం పూర్తయ్యేసరికే పది నిమిషాలు అయిపోయాయి. నేను గడియారం చూపించాను. ఆయన మధ్యలో ఆపి, పటం మీద ఒక పాత ధోవతి కప్పేశాడు.

పురాణానికీ ఉద్యమానికీ ఏం సంబంధం అని కొందరు గొణిగారు. ప్రతి భాగం చివర కథలోని మనుషులతో జై తెలంగాణ అనిపిస్తే బాగుంటుందని ఉపాధ్యాయుడు అడిగాడు. మా విభాగంలో మేము అందరి చేతా అలాంటివి చేయించినవాళ్లమే. దేవుళ్ల చేత పొదుపు ఖాతాలు తెరిపించాం.

"నేనంట సారు, జై తెలంగాణ. ఎన్నిమార్లన్న అంట" అన్నాడు పెద్దాయన. "పటంల ఉన్నోల్లతోని అనిపియ్య."

ఆ మాట ప్రకారమే ప్రతిరోజూ ధోవతి తీయకముందు మైకు దగ్గరికి వచ్చి గట్టిగా జై కొట్టి, తర్వాత మైకు వదిలేసి పటం దగ్గరికి వెళ్లేవాడు.

మెల్లగా సాంచాల వీధుల నుంచి జనం రావడం మొదలైంది. పని లేదు, ఇంట్లో కూర్చోలేరు. ఆడవాళ్లు బీడీల చాటలు తెచ్చుకుని చుట్టుకుంటూ వినేవారు. వాళ్లలో ఒకామె రోజూ ముందు వరసలోనే ఉండేది. ఒక చిన్న కార్ఖానాలో కండెలు, అంటే సాంచలో వేసే దారపు గొట్టాలు, చుట్టే పని ఆమెది. ఆ కార్ఖానా నడిపే ఆసామి కూడా వచ్చి వెనక నిలబడేవాడు. ఆసామి అంటే సొంతంగా కొన్ని సాంచాలున్నవాడు, పెద్ద సేటు ఇచ్చే నూలు మీద బతికేవాడు. కండెలామె మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేది. పటంలో ప్రతి వరసలోనూ ఒక మూల కనిపిస్తూ, ఇంకా కథలోకి రాని బొమ్మను చూపించి, ఆ నీలం చీర కట్టుకున్నామె ఎవరు తాతా అని అడిగేది. రేపు చెప్తానంటే, రేపటిదాకా తను ఉండొద్దా అనేది. అందరూ నవ్వేవారు. పెద్దాయన మాత్రం నవ్వకుండా, ఉంటవు, గా చీరెది తెలిసేదాక నీకేం కాదు అనేవాడు.

కొన్నాళ్లకు నేను గడియారం చూపించాల్సిన అవసరం లేకుండా పోయింది. ఎక్కడ ఆపితే రేపు వస్తారో ఆయనకు పట్టుబడింది. రాత్రంతా సాగే కథను ముక్కలు చేయడం దానికి చేసే అన్యాయమని నేను ఉద్యోగమంతా అనుకుంటూ, చేస్తూ వచ్చాను. ఇక్కడ ఆ ముక్కే జనాన్ని రప్పిస్తోంది. అయినా ఆయనతో ఆ మాట అంటే ఒప్పుకోలేదు. ఆకలైనవాడికి పిడికెడు పెడితే మళ్లీ వస్తాడు, అంతమాత్రాన కడుపు నిండినట్టా అని అడిగాడు. ఇప్పటికీ నాకు తేలని విషయాల్లో ఇదొకటి.

ఒకరోజు నేత కులసంఘం పెద్దమనిషి శిబిరానికి వచ్చాడు. తెల్ల బట్టలు, మెడలో కండువా. కథ అయ్యేదాకా నిలబడి, అయ్యాక అందరి ముందే అడిగాడు.

"మా పురాణం మా వాడకట్టుకు రావాలె గని, డేరాల చెప్పుడేంది? మేం పిలిచినమా?"

పెద్దాయన కర్రను పటం పక్కన ఆనించి దండం పెట్టాడు. "మీరు పిలువక ఎన్నేండ్లాయె పటేలా? నేను మర్చిపోలే. మీరు మర్చిపోయిండ్రా ఏంది అని చూద్దామని అచ్చిన."

పెద్దమనిషి ఏదో అనబోయి, ముందు వరసలో బీడీలు చుడుతున్న ఆడవాళ్లు తనవైపే చూస్తుండడం గమనించి కండువా సర్దుకున్నాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. పిలుపు మాట మాత్రం ఎత్తలేదు.

కథ చివరికి వస్తోంది. చుట్ట సన్నబడింది. అంతలో సమ్మె విరమించారన్న కబురు వచ్చింది. కొందరు ఇది తాత్కాలికమే అన్నారు, కొందరు తిట్టారు. డేరా వాళ్లు వచ్చి తాళ్లు విప్పుతుంటే పెద్దాయన వెదురు గడ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా కొద్ది బొమ్మలే మిగిలాయి, అయినా పది నిమిషాలకు లొంగేవి కావు. సంఘం భవనం ఒక పూట ఇమ్మని నేను పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను. కమిటీ కూర్చుని మాట్లాడుకోవాలి అన్నాడు. మాది ప్రభుత్వ శాఖ కాబట్టి ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

చివరికి దారి చూపింది ఆసామి. తన కార్ఖానాలో చెప్పుకోండి, కరెంటు ఎలాగూ పొద్దుగూకాకే వస్తుంది అన్నాడు. కానీ విప్పిన పటాన్ని చుట్టకూడదు కదా. నలుగురు నాలుగు చోట్ల పట్టుకుని, గుడ్డను నేలకు తగలకుండా విప్పింది విప్పినట్టే వీధుల వెంట మోసుకుపోయారు. ఉపాధ్యాయుడు ఒక మూల పట్టాడు. మలుపుల దగ్గర గుడ్డ వంగకుండా తిప్పడం నేతవాళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు, వాళ్లు చెప్పినట్టు అడుగులు వేశాం. పటంలోని మనుషులు పడుకుని ఆకాశం చూస్తూ సిరిసిల్ల వీధుల్లో వెళ్లారు. గుమ్మాల్లో ఉన్నవాళ్లు లేచి వెంట వచ్చారు.

కార్ఖానాలో సాంచాల మధ్య నడవడానికే చోటు ఉండదు. పైకప్పు దూలానికి పటం కట్టారు. కార్మికులు తమ తమ సాంచాల పక్కనే ఆనుకుని నిలబడ్డారు, ఆడవాళ్లు కండెల బుట్టలు జరిపి కూర్చున్నారు. శిబిరంలో లేని నిశ్శబ్దం అక్కడ ఉంది. మైకు లేదు, లారీలు లేవు. పెద్దాయన గొంతు మొదటిసారి పూర్తిగా విన్నాను. తొందర లేకుండా సాగదీసి పాడుతుంటే భార్య, మరదలు వంత అందుకున్నారు. నీలం చీర ఆమె సంగతి అక్కడే మొదలైంది. ఆమె పెద్ద ఆపదలో ఉంది, భర్త దగ్గర లేడు, మగ్గం మీద బట్ట సగంలో ఉంది. అది పూర్తయితే గానీ ఆపద తీరదు. కండెలామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు కరెంటు వచ్చింది. వరుసగా బల్బులు వెలిగాయి.

ఎవరూ కదలలేదు. సాంచ మీద చెయ్యి ఉన్నవాళ్లు చెయ్యి అక్కడే ఉంచి ఆసామి వైపు చూశారు. ఆసామి పటం వైపు చూశాడు. వారాల తరబడి సరిగా కూలి లేని మనుషులు. వచ్చిన కరెంటు ఎంతసేపు ఉంటుందో తెలియదు. ప్రతి నిమిషం బట్ట. పెద్దాయన పాట ఆపి అందరినీ ఒకసారి చూశాడు.

"నడుపుండ్రి కొడుకా. మల్ల ఎప్పుడు పోతదో."

నేను దగ్గరికి వెళ్లి, రేపు చెప్పుకుందాం పెద్దయ్యా అన్నాను.

"సమ్మె ఒడిసింది, రేపు పగలు సుత కరెంటుంటది గద సారు. డేరా లేదు. ఇంకెప్పుడు చెప్పుదు?"

"మరి వాళ్లు వినేదెట్ల?"

"నేనైతె చెప్త" అన్నాడు. "మధ్యల ఆగిండని ఎవలనద్దు."

మొదట ఒక సాంచ కదిలింది, తర్వాత పక్కది, కాసేపట్లో మొత్తం కార్ఖానా అందుకుంది. ఆ చప్పుడులో మనిషి తన మాట తాను వినలేడు. పెద్దాయన కర్రను మళ్లీ నీలం చీర మీద పెట్టి పాట అందుకున్నాడు. పెదవులు కదలడం కనిపిస్తోంది, మెడ నరాలు కనిపిస్తున్నాయి, తమ్ముడి వేళ్లు హార్మోనియం మీద నడుస్తున్నాయి, ఒక్క స్వరం లేదు. వంత పాడేవాళ్లు ఆయన నోటి వైపు చూసి సమయానికి అందుకుంటున్నారు. ఒక్క బొమ్మ కూడా దాటవేయలేదు, ఒక్కచోట కూడా తొందరపడలేదు. కార్మికులు తెగిన పోగు ముడివేసి తల ఎత్తేవారు. కర్ర తర్వాతి బొమ్మ మీదికి జరిగిందా అని చూసి, మళ్లీ వంగేవారు. కండెలామె చుట్టే పని పట్టుకోవాలి కాబట్టి లేచింది, కానీ వెళ్లేముందు ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, తల అడ్డంగా ఊపుతూ తన చోటికి వెళ్లింది.

చివరి బొమ్మ దగ్గర కర్పూరం వెలిగించారు. మరదలు హారతి పళ్లెం పట్టుకుని సాంచాల మధ్య సందుల్లో తిరిగింది. ఒక చెయ్యి సాంచ మీద ఉంచి, రెండో చేత్తో కళ్లకు అద్దుకున్నారు అందరూ. తర్వాత అన్నదమ్ములిద్దరూ పటాన్ని అడుగు నుంచి పైదాకా చుట్టి ఎర్ర గుడ్డ కట్టారు.

ఆ రాత్రి డైరీ తెరిచాను. కదలకుండా విన్నారని రాయడానికి లేదు, లేచిపోయారని రాయడానికీ లేదు. నా ఉద్యోగంలో కథ అంటే వినేవాళ్ల కోసం. వినేవాళ్లు చాలనుకుంటే అక్కడికి చాలు. చెప్పడం కూడా ఒక పని అని, సగంలో వదిలేస్తే చేసేవాడికి ఊరు పోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ రోజు సాంచాలతో పోటీ పడలేదు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే తన పని తాను చేసుకున్నాడు. అంతవరకు నాకు అర్థమైంది. కానీ ఎవరికీ వినపడని ముగింపు ముగింపేనా అన్నది అప్పుడూ తెలియలేదు, పెద్దాయనను అడిగే ధైర్యమూ చేయలేదు.

మర్నాడు పొద్దున బస్సులు తిరుగుతున్నాయి. సామాను కార్ఖానా ముందు పెట్టుకుని వాళ్లు బస్టాండుకు వెళ్లడానికి సిద్ధమవుతుంటే కండెలామె పనికి వచ్చింది.

"తాతా, గా నీలం చీరె ఆమె ఏమాయె? బట్ట ఒడిసిందా?"

"నిన్న చెప్పిన గద బిడ్డా."

"ఏం చెప్పినవో నీకెరుక, గా సాంచలకెరుక. ఇప్పుడు ఒక్క మాట చెప్పరాదు?"

"పటం ఇప్పకుంట చెప్పద్దు" అన్నాడు పెద్దాయన, మూట భుజానికి ఎత్తుకుంటూ. "కథైతె ఒడిసింది. సిరిసిల్లల మల్ల పటం పెట్టచ్చు. పిలువుండ్రి, అస్త."

ఆమె నావైపు తిరిగి, పక్కనే నిలబడ్డావు కదా నువ్వైనా చెప్పు సారు అంది. నాకూ వినపడలేదని చెప్పాను. నమ్మలేదు. వాళ్లు నలుగురూ వీధి మలుపు తిరిగేదాకా చూసి, గుమ్మంలో నిలబడ్డ ఆసామిని అడిగింది.

"పటాన్ని పిలువుమని మన సంఘపోల్లకు ఎవలు చెప్పాలె? నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

ఆదివారం పోయి మాట్లాడతానన్నాడు ఆసామి.

"ఆదివారం దాక ఎందుకు? ఇప్పుడే పో. నీ సాంచలు నేను చూస్త" అని ఆమె లోపలికి వెళ్లింది. ఆసామి చెప్పులు వేసుకుని పెద్దమనిషి ఇంటి వైపు నడిచాడు.